క్రింది దిక్కుకు హద్దు

గృహస్థు స్వీకరించే పన్నెండు వ్రతాలలో దిగ్వ్రతం ఒకటి. అహింసను గూర్చీ, అపరిగ్రహాన్ని గూర్చీ ప్రవచనాలలో వినబడినంతగా దీనిని గూర్చి వినబడదు. ఆశకు ఎల్ల కట్టడం దీని ఉద్దేశము. ఫలానా నది దాటిపోను, ఫలానా కొండకు అవతల బేరం పెట్టుకోను, ఇన్ని యోజనాలకు మించి అడుగు వేయను అని మనిషి తనంతట తాను గీత గీసుకొంటాడు. ఆ గీతకు అవతల ఉన్న ప్రాణులన్నింటికీ అతని వలన భయం లేదు. ఆ మేరకు అతడు గృహస్థుడై ఉండి కూడా ముని వంటివాడేనని సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారంలో చెప్పినారు. సరుకు కోసం, బాకీల వసూళ్ల కోసం ఊళ్లు పట్టి తిరిగే వర్తక కుటుంబాలను దృష్టిలో పెట్టుకొనే ఈ వ్రతం ఏర్పడినదా అనిపిస్తుంది.

దిక్కులు పది. బీదరులో దుకాణం ఉన్న వర్తకుడు వీటిలో ఎనిమిదింటికి హద్దులు సులువుగానే చెప్పగలడు. తూర్పున హైదరాబాదు, పడమట షోలాపురం, ఉత్తరాన నాందేడు, నైరుతిలో కలబురగి. సరుకు వచ్చే దారులు, పిల్లనిచ్చి పుచ్చుకొనే ఊళ్లు చాలవరకు ఈ మధ్యనే. పైదిక్కును గూర్చి విమానాలు వచ్చిన నాడే ఆలోచించవలసి వచ్చినది. ఇక మిగిలినది క్రింది దిక్కు. వ్రతం చెప్పేటప్పుడు దానినీ అందరితో పాటు పలుకుతారు గాని, దానిలో ఏమున్నదని ఎవరూ ఆగరు.

శాస్త్రకారులు మాత్రం ఆగినారు. తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయంలో ఈ వ్రతానికి అయిదు అతిచారాలు చెప్పబడినవి. పైదిక్కు హద్దు మీరడం, క్రింది దిక్కు హద్దు మీరడం, అడ్డదిక్కు హద్దు మీరడం, ఒక వైపు హద్దును పెంచుకోవడం, పెట్టుకొన్న హద్దును మరచిపోవడం. పూజ్యపాదులు సర్వార్థసిద్ధిలో మొదటి మూడింటికి ఉదాహరణలు కూడా ఇచ్చినారు. కొండ ఎక్కడం పైదిక్కుకు, బావిలో దిగడం క్రింది దిక్కుకు, గుహలో దూరడం అడ్డదిక్కుకు. ఎప్పటి గ్రంథమో అయినా, ఆయన బీదరును చూసి వ్రాసినట్లే ఉన్నది. ఎర్రని ముర్రాతి పీఠభూమి మీద, సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన కూర్చున్న ఊరు అది. నీరు కావలెనంటే క్రిందికి పోక తప్పదు. బహమనీల కాలంలో, 15వ శతాబ్దంలో, ఇరాను దేశపు పద్ధతిలో భూమి లోపల సొరంగం త్రవ్వి నీటిని పారించినారు. నౌబాదు దగ్గర సుమారు మూడు కిలోమీటర్ల పొడవున ఉన్న ఆ కరేజు, దాని మీద వరుసగా గాలిబావులు నేటికీ చూడవచ్చును. ఊరి పొలిమేరలోని ఝరణీ నరసింహుని గుహలో భక్తులు రొమ్ముల లోతు నీటిలో, నెత్తి మీద గబ్బిలాలు వేలాడుతూ ఉండగా, సుమారు మూడు వందల మీటర్లు నడిచి దర్శనం చేసుకొనే ఆచారం ఉన్నది. బావి, గుహ, నీరు - మూడూ బీదరువారికి తెలిసినవే. తెలియనిది సముద్రము. ఏ వైపు పోయినా అది మూడు వందల యాభై కిలోమీటర్లకు పై మాటే.

ఇప్పుడు ఆ దూరం దూరం కాదు. పెండ్లి అయిన కొత్త జంటలు, పరీక్షలు ముగిసిన కుర్రవాళ్లు, దీపావళి లెక్కలు ముగించుకొన్న కుటుంబాలు అండమానుకు పోతున్నారు. 2018లో స్వరాజ్ ద్వీపమని పేరు మారిన హేవలాకు ద్వీపంలో ఒంటికి నల్లని రబ్బరు చొక్కా, వీపున గాలి సిలిండరు తగిలించుకొని సముద్రం అడుగున మునిగి చూడటం నేర్చుకొంటున్నారు. అంత దూరం పోలేని వారికి కర్ణాటకలోనే మురుడేశ్వరం ఎదుట, తీరానికి సుమారు 19 కిలోమీటర్లలో నేత్రాణి ద్వీపం ఉన్నది. తెలుగునాట విశాఖ దగ్గర రుషికొండ ఉన్నది. స్కూబా అని దానికి పేరు. కొన్ని వేల రూపాయల ఖర్చు. ఈత రాకపోయినా ఫరవా లేదని, పక్కనే గురువు పట్టుకొని ఉంటాడని చెబుతారు. ఆ మాట నిజమే.

ఈ వేడుక ఇంటి పెద్దలను కలవరపెడుతున్నది. ఆ కలవరాన్ని చాదస్తమని త్రోసివేయడం న్యాయం కాదు. నీళ్లు వడపోసి త్రాగే ఇంట పుట్టి, ఒడ్డూ అంతూ లేని వడపోయని నీటిలో తలదాకా మునుగుతావా నాయనా అని ఒక నాయనమ్మ అడిగితే, మనుమని దగ్గర వెంటనే సమాధానం ఉండదు. ఆమె అడిగేది ఆరోగ్యం మాట కాదు. నీరే శరీరంగా గల అప్కాయిక జీవుల మాట. చాలా ఇళ్లలో నీటిచుక్క బొమ్మ వేసి, అందులో 36,450 జీవులని వ్రాసిన పటం కనిపిస్తుంది. సూక్ష్మదర్శినిలో కదలుతూ కనిపించే ఆ పురుగులు నీటిలో నివసించే త్రసజీవులు. అప్కాయం వేరు, ఆ నీరే దాని దేహం. పటం చూచి రెండింటినీ కలిపివేయడం వాడుక అయిపోయినది. నాయనమ్మ మాత్రం కలపదు. ఆమెకు నీరూ జీవమే, నీటిలో ఉన్నదీ జీవమే.

అయితే ఈ ఒక్క కారణంతోనే స్కూబాను త్రోసిపుచ్చడానికి వీలు లేదు. గృహస్థు రోజూ స్నానం చేస్తున్నాడు, వంట చేస్తున్నాడు, బట్టలు ఉతికిస్తున్నాడు. స్థావర జీవుల హింసను పూర్తిగా విడిచినవాడు ముని. గృహస్థుకు చెప్పబడినది పరిమితి, ప్రయోజనం. సముద్రంలో గంటసేపు మునిగినవానికీ, ఇంటిలో కుళాయి తిప్పి మరచిపోయినవానికీ అప్కాయం విషయంలో ఎవరి పాలు ఎక్కువ అని త్రాసు వేయబోతే తర్కం నవ్వులపాలు అవుతుంది.

అసలు చిక్కు ప్రయోజనం దగ్గర ఉన్నది. అనర్థదండ విరతి అనే వ్రతంలో ప్రమాదచర్య అని ఒక భాగం. ఏ ప్రయోజనమూ లేకుండా నేలను త్రవ్వడం, నీటిని చిమ్మడం, నిప్పు రాజేయడం, గాలి విసరడం, చెట్టు కొమ్మ విరవడం - వీటిని చెప్పిన నోటితోనే సమంతభద్రులు మరొకటి కూడా చేర్చినారు. ఊరికే తిరగడం, ఇతరులను ఊరికే త్రిప్పడం. విహారయాత్రల వ్యాపారం అంతా ఈ రెండు మాటలలో ఇమిడిపోతుంది. బావిలో దిగినవాడు నీటి కోసం దిగినాడు. ఝరణీ గుహలో నడిచినవాడు దేవుని కోసం నడిచినాడు. స్వరాజ్ ద్వీపంలో పన్నెండు మీటర్లు దిగినవాడు దేనికి దిగినట్లు? చూడటానికి. చూడటం ప్రయోజనమేనా?

ఇక్కడ సముద్రంలో దిగే వృత్తి చరిత్రను ఒకసారి తలచుకోవలెను. స్కూబా పరికరం పుట్టి ఎంతో కాలం కాలేదు. 1943లో ఫ్రెంచి నౌకాధికారి జాక్ కూస్తో, ఇంజనీరు ఎమీల్ గాన్యాఁ కలిసి, మనిషి ఊపిరి పీల్చినప్పుడే, ఆ లోతుకు తగిన ఒత్తిడితోనే గాలి విడిచే సాధనాన్ని సిద్ధం చేసినారు. దానికి ఎంతో ముందు నుండే మనిషి సముద్రంలో మునుగుతున్నాడు, ముత్యాల కోసం. మన్నారు సింధుశాఖలో తూత్తుకుడి నుండి సింహళం దాకా పరవలు, ఇతర జాలరులు కాలికి రాయి కట్టిన త్రాటితో దిగి, ఊపిరి బిగబట్టి, సుమారు ఒక నిమిషంలో అందినన్ని ముత్యపుచిప్పలు ఏరి పైకి వచ్చేవారు. తీరాన చిప్పలను కుప్పలుగా పోసి కుళ్లనిచ్చి, ఆ కుళ్లును కడిగి ముత్యాలు తీసేవారు. వేల చిప్పలు చస్తే చెప్పుకోదగిన ముత్యాలు కొన్ని దొరికేవి. అక్కడ 1955 నుండి 1961 దాకా జరిగిన వేటతో ఆ కథ ఇంచుమించు ముగిసినది. మునిగినవాడు పేద జాలరి. ముత్యాన్ని తూచి, కొని, రాజులకూ నవాబులకూ అమ్మినది ఎవరో వర్తక కుటుంబాలకు వేరే చెప్పనక్కర లేదు. చార్మినారు దగ్గరి ముత్యాల దుకాణాలు నేటికీ జగత్ప్రసిద్ధము.

చేయడం, చేయించడం, చేసినదానిని మెచ్చుకోవడం - ఈ మూడింటికీ కర్మబంధం ఉన్నదని చిన్నపిల్లలకు కూడా పాఠశాలలో చెబుతారు. దీని ప్రకారం, కాలు తడవకుండా గద్దె మీద కూర్చుని ముత్యాల సంచి విప్పినవాడు సముద్రంలో దిగనివాడు కాడు. జాలరి కాళ్లతో దిగినాడు, అంతే. జాతకం ప్రకారం ఉంగరంలో పగడం పొదిగించుకొన్నవానిదీ ఇదే లెక్క. ఆ ఎర్రపగడం ఎక్కువగా మధ్యధరా సముద్రం నుండీ, జపాను వైపు నుండీ వస్తున్నది. మధ్యధరాలో వెనుక కొయ్యదూలాల శిలువకు వలలు కట్టి సముద్రపు అడుగున ఈడ్చి, తగిలినదంతా పెకలించేవారు. 1994లో ఐరోపా సమాజం ఆ పద్ధతిని నిషేధించినది. ఇప్పుడు అక్కడ పగడం తీసేది ఎవరంటే, వీపున ఇదే గాలి సిలిండరు కట్టుకొన్న మనుషులే. కాబట్టి స్కూబా వద్దని మనుమని కోప్పడే తాతగారి వ్రేలికి పగడపు ఉంగరం ఉంటే, ఆ యింటిలో ముందుగా దిగినది తాతగారే.

పగడం మాట వచ్చినది గనుక ఒక విషయం. ఉత్తరాధ్యయనం 36వ అధ్యాయంలో పగడాన్ని పృథ్వీకాయాలలో, మణులూ ఖనిజాల సరసన చేర్చినారు. నేటి జీవశాస్త్రం అది సున్నపు గూడు కట్టుకొనే చిన్నచిన్న జంతువుల సంఘమని చెబుతున్నది. ఒక్కొక్క దానికి నోరు, దాని చుట్టూ వ్రేళ్ల వంటి తంతువులు ఉంటాయి. ఇంద్రియాలు ఎన్ని అన్నది పండితులు తేల్చుకొందురు గాక. రాయిలా కనబడే దానిని ప్రాణమున్నదిగా ఎంచవలెనని పూర్వులు చెప్పిన మాటను కళ్లతో చూచి నమ్మే అవకాశం సముద్రపు అడుగున ఉన్నది. పగడపు దిబ్బలు కట్టే జాతులను భారత ప్రభుత్వం 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులితో సమానంగా చేర్చినది. వాటిలో గుండ్రంగా బండలా పెరిగే జాతులు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి పెరగవు. అండమానులో బరువు లెక్క తెలియని ఒక యాత్రికుడు కాలి రెక్కతో తన్నిన కొమ్మ తిరిగి ఆ ఎత్తుకు రావాలంటే ఎన్నో యేళ్లు పడుతుంది.

ఈ బరువు లెక్కే స్కూబా విద్యలో సగం. నేర్చుకొనే క్రమాన్ని కొంచెం వివరంగా చూస్తే గాని ధర్మవిచారం ముందుకు సాగదు. మొదట నడుము లోతు నీటిలో నిలబెట్టి, నోటితో ఊపిరి తీయడం అలవాటు చేస్తారు. కళ్లద్దాలలో నీరు జొరబడితే ముక్కుతో ఊది బయటకు పంపడం, నోటిలోని గొట్టం జారిపోతే కంగారు పడకుండా వెదకి తిరిగి పెట్టుకోవడం నేర్పుతారు. నీటిలో మాట ఉండదు గనుక చేతి సైగలు. బొటనవ్రేలు పైకెత్తితే గట్టున బాగున్నదని అర్థం, నీటిలో పైకి పోదామని అర్థం. మొదటిరోజున ఈ ఒక్క సైగతో తికమకపడి, ఆనందంగా వ్రేలు ఎత్తి, గురువు వెంటనే పైకి తీసుకొనిపోతే తెల్లబోయేవారు చాలామంది. లోతుకు పోయేకొద్దీ చెవులు నొక్కుకొంటాయి. ప్రతి రెండు మూడు అడుగులకూ ముక్కు మూసి మెల్లగా ఊదుకొంటూ దిగవలెను. నొప్పి పుడితే ఆగవలెను గాని తెగించరాదు. పది మీటర్ల దగ్గర ఒంటి మీద ఒత్తిడి గట్టు మీది కంటె రెండింతలు. ఎర్రరంగు మొదటే మాయమవుతుంది. ఎర్ర చీర ఆ లోతులో మాసిన బూడిద రంగుగా కనబడుతుంది.

అన్నింటికన్న ముఖ్యమైన నియమం ఊపిరి ఎన్నడూ బిగబట్టరాదన్నది. ముత్యాల జాలరి గట్టు మీద పీల్చిన గాలితో దిగినాడు. లోతులో అది కుంచించుకొని, పైకి వచ్చేసరికి మొదటి పరిమాణానికే వచ్చేది. సిలిండరుతో దిగినవాడు పది మీటర్ల లోతున ఒత్తిడి గాలిని పీలుస్తాడు. దానిని బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలై ఊపిరితిత్తులను చించుతుంది. అందుకని మెల్లగా, విడువకుండా ఊపిరి తీస్తూ, తన నోటి బుడగల కన్న వేగంగా పోకుండా పైకి రావలెను. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం మంచి అలవాటు. ఆ తరువాత ఒక రోజు దాకా విమానం ఎక్కవద్దంటారు. నడుముకు సీసపు బరువులు, చొక్కాలో గాలి - ఈ రెంటినీ సరిచూచుకొంటే మనిషి మునగడు, తేలడు. త్రాసు ముల్లు నడిమిన నిలిచినట్లు నిలుస్తాడు. ఆ స్థితి వచ్చినవాడు చేయి చాపడు, కాలు ఆడించడు, దేనినీ తాకడు. ఇసుక రేగదు. చేపలు అతనిని లెక్కచేయకుండా తమ పని తాము చూచుకొంటాయి.

చదివినవారికి ఈర్యాసమితి గుర్తుకు రాక మానదు. ముందు నాలుగు చేతుల మేర నేల చూచుకొంటూ, ఏ ప్రాణికీ కాలు తగలకుండా నడవమని మునికి చెప్పిన నియమం అది. హింసకు లక్షణం చెప్పేటప్పుడు కూడా తత్త్వార్థసూత్రం ప్రాణహరణాన్ని ఒక్కదానినే చెప్పక, ప్రమాదయోగాన్ని, అంటే ఏమరుపాటును, ముందు పెట్టినది. ఈ విధంగా చూస్తే బాగా నేర్చిన స్కూబా విద్య ఏమరుపాటు లేకుండా ఉండటానికి ఒక అభ్యాసమే. రోడ్డు మీద సరుకుల లారీ నడిపేవానికి ఇంతటి జాగ్రత్త ఎవరూ నేర్పడం లేదు.

బాగా నేర్చిన విద్య అన్న మాటను గట్టిగా పట్టుకోవలెను. విహారానికి వచ్చినవారిలో ఎక్కువమంది నేర్చుకొనేది అరపూట విద్య. దానిలో గురువు జాగ్రత్తే శిష్యుని జాగ్రత్త. ఫోటో కోసం పగడపు బండ మీద చేయి ఆన్చేవారు, తారచేపను తీసి అరచేతిలో పెట్టుకొనేవారు దానిలోనే ఉంటారు. కొన్ని చోట్ల చేపలు చుట్టూ మూగడానికి రొట్టెముక్కలు విసరుతారు. ఇది జైనుల మనసును ఇట్టే పట్టుకొంటుంది. పావురాలకు గింజలు, చీమలకు పిండి వేసిన చేతులు గదా, చేపకు రొట్టె వేస్తే జీవదయే అనుకొంటారు. రొట్టె చేప ఆహారం కాదు. పగడాల మీద నాచు గీకి తినే చేప ఆ పని మానుకొని మనిషి చుట్టూ తిరిగితే నాచు పెరిగి పగడాన్ని కప్పివేస్తుంది. నీరు వడపోసిన తరువాత గుడ్డ మీద మిగిలినదానిని ఏ బావి నీటిదైతే ఆ బావిలోనే మెల్లగా విడిచే ఆచారం పాత ఇళ్లలో ఉన్నది. ఏ జీవి దాని తావులో దాని బ్రతుకు అది బ్రతకవలెనన్న ఎరుక అందులో ఉన్నది. చేపకు రొట్టె వేసినవానిలో ఆ ఎరుక లేదు.

మరొకటి. నీటిలో దిగే ముందు ఒక కాగితం నింపమంటారు. ఉబ్బసం ఉన్నదా, గుండెజబ్బు ఉన్నదా, చెవిలో శస్త్రచికిత్స జరిగినదా అని వరుసగా ప్రశ్నలు. అవునని వ్రాస్తే వైద్యుని చీటీ కావాలి, ఆ పూట ప్రయాణం చెడుతుంది. అంతదూరం వచ్చినాము గదా అని అన్నింటికీ లేదు అని గీత పెట్టేవారు కొద్దిమంది కారు. దుకాణంలో ఒక్క పైసా తప్పు చెప్పనివాడు కూడా ఈ కాగితం మీద సునాయాసంగా అసత్యం వ్రాస్తాడు. అది తన ఒంటికి సంబంధించినదే గదా అనుకొంటాడు. నీటిలో అతని ప్రాణానికి పూచీపడిన గురువు, జోడుగా దిగిన స్నేహితుడు, ఇంటిలో అతనిపై ఆధారపడినవారు ఆ గీత వెనుక ఉన్నారు.

ఇక చూడటం ప్రయోజనమేనా అన్న ప్రశ్న. దానికి సముద్రమే రెండు విధాల సమాధానం ఇచ్చినది. కూస్తో తీసిన ‘నిశ్శబ్ద ప్రపంచం’ అనే చలనచిత్రానికి 1956లో కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి వచ్చినది. సముద్రపు అడుగును లోకానికి రంగులలో చూపిన తొలి చిత్రాలలో అది ఒకటి. ఆ చిత్రంలోనే చేపల లెక్క తీయడానికని పగడపు దిబ్బ మీద డైనమైటు ప్రేలుస్తారు. ఓడ మరకు తగిలి ఒక పిల్ల తిమింగలం గాయపడి చస్తుంది. దాని చుట్టూ మూగిన సొరచేపలను నావికులు కసిగా ఓడ మీదికి లాగి నరుకుతారు. ఆ రోజులలో అది వీరకృత్యంగా కనబడినది కాబోలు. వీరందరూ సముద్రాన్ని ఇతరుల కన్న ఎక్కువగా చూచినవారే. తరువాతి కాలంలో కూస్తో సముద్ర రక్షణ కోసమే పాటుపడినాడన్నది వేరే మాట. కాని ఆ నాడు కళ్లు చూస్తూనే ఉన్నవి, చేతులు నరుకుతూనే ఉన్నవి.

రెండవది మన దేశంలోనిదే. గుజరాతు తీరంలో వేరావలు పరిసరాలలో తిమింగల సొరచేపను నూనె కోసం, మాంసం కోసం వందలుగా చంపేవారు. చేపలన్నింటిలో పెద్దదైన ఆ ప్రాణి మనిషి జోలికి రాదు. మైక్ పాండే అనే చిత్రకారుడు ఆ వధను చిత్రించి 2000లో లోకానికి చూపినాడు. 2001లో ప్రభుత్వం ఆ చేపకు పూర్తి రక్షణ కల్పించినది. 2004 నుండి మొరారి బాపు వంటి కథకులు, పుట్టింటికి పురుడు పోసుకోవడానికి వచ్చిన ఆడపడుచును చంపుతారా అని జాలరులకు చెప్పినారు. ఆ తరువాత వలలో పడిన తిమింగల సొరచేపను, వల తెగి నష్టం వచ్చినా, కోసి విడిచిపెట్టిన జాలరులు వందల సంఖ్యలో ఉన్నారు. ఎవరో ఒకరు చూచి ఉండకపోతే ఆ దయ పుట్టేది కాదు. కనుక చూడటం తనంతట అది పుణ్యమూ కాదు, వ్యర్థమూ కాదు. చూచి వచ్చినవాని ఇంటిలో తరువాత ఏమి మారినదన్నదే దానికి కొలత. పగడాలను కళ్లతో చూచి వచ్చిన అబ్బాయి చెల్లెలి పెండ్లికి పగడాల దండ వద్దని అనగలిగితే, అతని ప్రయాణానికి ప్రయోజనం దొరికినట్లే. ఫోటో గోడకు తగిలించి, దండ మెడకు తగిలిస్తే సమంతభద్రులు చెప్పిన ఊరికే తిరగడం కిందికే అది వస్తుంది.

చేతితో తాకకపోయినా తగిలే దెబ్బ ఒకటి ఉన్నదని కూడా చెప్పుకోవలెను. సముద్రం వేడెక్కితే పగడం తనలోని నాచుజీవాలను వెళ్లగొట్టి తెల్లబడుతుంది. ఆ వేడి తగ్గకపోతే చస్తుంది. 1998లోను, 2010లోను అండమాను పగడాలు ఇట్లా తెల్లబడినవి. 2024లో ప్రపంచమంతటా ఇదే జరుగుతున్నదని శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. బీదరు నుండి అండమానుకు పోయి రావడానికి కాలే విమానపు చమురు ఆ వేడిలో ఎంతో కొంత పాలు పంచుకొంటుంది. ఈ విషయంలో పగడాన్ని చూడబోయినవాడూ, పెండ్లికి కాశ్మీరు పోయినవాడూ ఒకే వరుసలో నిలుస్తారు.

జ్ఞాతాధర్మకథలో మాకందీ కుమారుల కథ వర్తకుల పిల్లలందరూ విన్నదే. జినపాలితుడు, జినరక్షితుడు పదకొండుసార్లు సముద్రం దాటి ధనం తెచ్చినారు. పన్నెండవసారి బయలుదేరబోతే తల్లిదండ్రులు, ఉన్నది చాలును, మానండి అన్నారు. వారు మానలేదు, ఓడ పగిలినది. ఈ కథలో అందరూ రత్నద్వీపపు దేవతను, వెనుదిరిగి చూచి చెడిన జినరక్షితుని గుర్తుంచుకొంటారు. తల్లిదండ్రుల మాటను అంతగా గుర్తుంచుకోరు. పదకొండు ప్రయాణాలను వారు తప్పు పట్టలేదన్నది గమనించవలసిన సంగతి. సముద్రం వద్దని కాదు, పన్నెండవది వద్దని వారు చెప్పినది.

స్కూబా నేర్పే సంస్థలు కూడా తమ లెక్క తాము పెట్టుకొన్నవి. తొలిసారి గురువు చేయి పట్టి దించేది పన్నెండు మీటర్లకు మించరాదు. మూడు నాలుగు రోజులు చదివి పరీక్ష ఇచ్చినవానికి పద్దెనిమిది. పై చదువుకు ముప్పై. వినోదానికి దిగేవానికి నలభై చివరి హద్దు. దిగ్వ్రతంలో ఖాళీగా పలికిన క్రింది దిక్కుకు ఇక్కడ అంకెలు వేసి ఉన్నవి. కాని ఈ అంకెలు మెట్లు కూడా. పద్దెనిమిది అందినవానికి ముప్పై రుచి చూపించి మరొక రుసుము తీసుకోవడం వారి వ్యాపారం; వర్తకులకు అది తప్పుగా తోచనక్కర లేదు. శాస్త్రంలో చెప్పిన క్షేత్రవృద్ధి అనే నాలుగవ అతిచారం అదే. తూర్పున పది యోజనాలు తగ్గించి పడమట పది కలుపుకొంటే మొత్తం సరిపోయినదని ఖాతా సర్దుబాటు చేసేవానిని మనసులో పెట్టుకొని దానిని చెప్పినారు.

అయిదవ అతిచారం పెట్టుకొన్న హద్దును మరచిపోవడం. ఇది కూడా అతిచారమేనా, మరపు నేరమా అని విద్యార్థులు అడుగుతూ ఉంటారు. సుమారు ముప్పై మీటర్ల దగ్గర నుండి గాలిలోని నత్రజని మెదడుకు మత్తు ఎక్కిస్తుంది. భయం పోతుంది, ఉల్లాసం పుడుతుంది, సిలిండరులో గాలి ఎంత మిగిలినదో చూచుకోవాలన్న తలపు పోతుంది. ఆ స్థితిలో నోటి గొట్టాన్ని చేపకు అందించబోయినవారు ఉన్నారని ఈతగాళ్లు చెప్పుకొంటారు. హద్దును అక్కడ తలచుకోవడం సాధ్యం కాదు. గట్టు మీద, తెలివిలో ఉన్నప్పుడు, తోడుగా దిగేవానికి కూడా చెప్పి పెట్టుకోవలసినదే. నేత్రాణి దగ్గర వానాకాలంలో ఈ పని ఎట్లాగూ ఆగిపోతుంది. చాతుర్మాస్యంలో మునులు ఆగినట్లే సముద్రమూ నాలుగు నెలలు ఎవరినీ రానివ్వదు. వ్రతం చెప్పుకొని, క్రింది దిక్కు ఎదుట ఒక అంకె వేసుకోవడానికి అది చాలినంత సమయం. పన్నెండు అని వేస్తారో, పద్దెనిమిది అని వేస్తారో, బావి మెట్ల దగ్గరే ఆపుతారో ఆ యా ఇంటివారి నిర్ణయం.

శిక్షణకు కనీస వయస్సు పది సంవత్సరాలు. ఆ వయస్సు పిల్లవానికి వ్రతం గాని, నత్రజని గాని తెలియదు. కాగితం మీద వాని బదులు తండ్రి సంతకం చేస్తాడు.